బెదురు

మా వీధి మలుపులో మురుగుకాలవ మీద పరిచిన నాపబండల్లో ఒకటి కదులుతుంది. ఒక మూల కింద సిమెంటు ఊడిపోయి ఎన్నాళ్లయిందో గానీ, కాలు పెడితే ఇటు వంగి, తీస్తే అటు పడి టక్కుమంటుంది. పాలకేంద్రానికి పోయేవాళ్లు, బడిపిల్లలు, స్టేషను వైపు నుంచి సంచులు మోసుకొచ్చేవాళ్లు అందరూ దాని మీదుగానే నడుస్తారు. ఆ చప్పుడు ఎవరి చెవికీ ఆనదు. వీధికుక్కలైతే పొద్దు వాలాక దాని మీదే పడుకుంటాయి. మా మల్లి మాత్రం ఆ బండ రెండడుగుల దూరంలో ఉందనగానే ఆగిపోయేది. ఒంటి బరువంతా వెనక్కాళ్ల మీదికి పోయేది. ముందుకాలు ఒకటి గాలిలోనే ఉండిపోయేది. ఒకసారి మూతి నాక్కుని, బండ వైపు తప్ప మిగతా అన్ని వైపులా చూసేది. పిల్లి కనపడితే ప్రహరీగోడ దూకే కుక్క అది. గూడ్సు బండి పక్కనుంచే పోతున్నా తల తిప్పి చూడదు. మరి ఈ మూడడుగుల బండ దగ్గర దానికి ఏమయ్యేది? గోడ దూకిన ధైర్యం ఇక్కడికి వచ్చేసరికి ఎటు పోయేది? ధైర్యమనేది ఒంట్లో ఉండే సరుకే అయితే గోడ దగ్గరా బండ దగ్గరా ఒకే కొలతలో ఉండాలి కదా?

ఈ ప్రశ్న నన్ను వదలకపోవడానికి ఇంకో కారణం ఉంది. మల్లిని పోటీలకు తయారుచేయాలని నాకు ఆశ. లాబ్రడార్ పోలికలు కాస్త ఉన్న ఊరకుక్క అది, వంశపత్రం ఏమీ లేదు. కుక్కలు అడ్డంకులు దాటే ఆ పోటీని అజిలిటీ అంటారు. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శనలో, రెండు కార్యక్రమాల మధ్య జనానికి ఏదో ఒక వేడుక చూపాలని జాన్ వార్లే, పీటర్ మీన్‌వెల్ అనే ఇద్దరు గుర్రాల దూకుడు పోటీని చూసి దీన్ని తయారుచేశారు. దూకే కర్రలు, గుడ్డ సొరంగం, ఒంటిపలక వంతెన, మధ్యలో వంకరటింకరగా దూరిపోవాల్సిన గుంజల వరస, వీటితోపాటు ఒక ఊగుబల్ల. పిల్లలు పార్కులో ఊగే బల్లే. కుక్క ఒక కొస నుంచి ఎక్కి నడుస్తుంది, నడుమ దాటగానే బల్ల అటువైపు వాలి నేలకు కొట్టుకుని దడేలుమంటుంది. ఆ చప్పుడు అయ్యేదాకా కుక్క దాని మీదే ఉండాలి, చివర పసుపురంగు వేసిన చోట కాలు పెట్టి మరీ దిగాలి. అజిలిటీ నేర్పేవాళ్లెవరిని కదిలించినా, అన్నిటికన్నా ఎక్కువ కుక్కలు బెదిరేది ఈ బల్ల దగ్గరే అంటారు. అది తెలిశాక నాకు మా వీధి బండ ఇంకో రకంగా కనపడింది. కాలి కింద నేల కదలడం, కదిలి చప్పుడు చేయడం. ఎక్కడో లండన్‌లో రంగులు వేసి పెట్టిన పరీక్షను మా పంచాయతీ కాలవ ఊరికే పెడుతోంది.

మాట వినే పోటీలు దీనికన్నా పాతవి. 1933లో న్యూయార్క్ దగ్గర మౌంట్ కిస్కో అనే ఊళ్లో హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే ఆవిడ మొదటి పరీక్ష పెట్టింది. ఆవిడ పెంచే పూడిల్ కుక్కల్ని జనం అలంకారానికి తప్ప పనికిరానివి అంటుంటే, వాటి తెలివి చూపించాలని పట్టుబట్టింది. మూడేళ్లకు, 1936లో, అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ పోటీలకు తన గుర్తింపు ఇచ్చింది. రెండు పోటీల్లోనూ నన్ను ఆలోచనలో పడేసే నియమం ఒకటే. రింగులోకి అడుగుపెట్టాక పెంచినవాడి చేతిలో తిండి ఉండకూడదు, బంతి ఉండకూడదు. కుక్కను తాకి నడిపించకూడదు. నెలల తరబడి దాన్ని నడిపించినవన్నీ గేటు బయటే ఆగిపోతాయి. చుట్టూ కొత్త జనం, కొత్త వాసనలు, మైకు. అప్పుడు ఆ కుక్క దగ్గర ఏం మిగులుతుంది? ఇన్నాళ్లూ దాని లోపల ఏం పోగుపడిందో అదే మిగులుతుంది. భయం పోగుపడి ఉంటే భయమే.

మా వైపు కుక్కకు నేర్పడమంటే కర్ర. కుక్క సిట్ అంటే కూర్చోవాలి, గొలుసు లాగితే లేవాలి. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడుకుంటాం, కుక్కతో మాత్రం ఇంగ్లీషు! భయం ఉంటేనే మాట వింటుందయ్యా అని పెద్దవాళ్లు చెప్తారు. వాళ్ల మాట పూర్తిగా తప్పని అనలేను. దెబ్బలు తిన్న కుక్క నిజంగానే మొదటి మాటకే కూర్చుంటుంది. ఒక్కోసారి ముద్దుగా పెరిగిన కుక్క కన్నా చప్పున కూర్చుంటుంది. దూరం నుంచి చూసేవాడికి రెండూ ఒకటే. మరి తేడా ఎక్కడుంది? నేను చూసినంతలో, కూర్చున్న తర్వాత ఉంది. ఒకటి కూర్చుని మనిషి మొహంలోకి చూస్తుంది, ఇంకేమైనా ఉందా అన్నట్టు చెవులు నిక్కబొడుచుకుని. రెండోది కూర్చుని మనిషి చేతిని చూస్తుంది. ఆ చెయ్యి పైకి లేస్తే తల కిందికి పోతుంది. ఒక కొత్త వస్తువును తెచ్చి దాని ముందు పెట్టండి, గొడుగో అట్టపెట్టెనో. మొదటిది వెళ్లి వాసన చూస్తుంది. రెండోది చెప్పేదాకా కదలదు, చెప్పాకా కదలదు. చేయమని చెప్పనిది ఏది చేసినా దెబ్బే పడుతుందని నేర్చుకున్న ప్రాణికి అన్నిటికన్నా క్షేమమైనది ఏమీ చేయకపోవడమే కదా. అలాంటి కుక్కను ఊగుబల్ల ఎక్కించడం ఎలా?

ఒంగోలు జాతి గిత్తల బండలాగుడు చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి పోటీకి ముందు బెదురు పోగొట్టడం గురించి ఆలోచిస్తే నాకు తిరునాళ్లు గుర్తొస్తాయి. ప్రకాశం జిల్లాలో సంక్రాంతికీ తిరునాళ్లకూ ఈ పోటీలు లేని చోటు అరుదు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలు, పెట్టిన సమయంలో జత ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. బరువు లాగడం ఇంటి దగ్గర నేర్పొచ్చు. జనాన్ని ఎక్కడ నేర్పుతారు? అందుకే తెలిసిన రైతు తన కోడెల్ని పోటీలో దింపేముందు ఊరికే తిరునాళ్లకు తోలుకొస్తాడు. లాగే పని ఉండదు. జనం ఈలల మధ్య, మైకుల కింద, ఓ పక్కన చెట్టుకు కట్టేసి చొప్ప వేస్తాడు. గంగడోలు నిమురుతూ పక్కనే కూర్చుంటాడు. పిల్లకాయలు అరిస్తే కోడె తల ఎత్తుతుంది, చెవులు ఆడిస్తుంది, మళ్లీ చొప్పలో మూతి పెడుతుంది. ఆ మూతి మళ్లీ చొప్పలోకి దిగడమే అతనికి కావలసింది. చర్నాకోల సంగతి నాకు తెలుసు. పోటీ వేడెక్కాక అది ఎలా ఆడుతుందో చూశాను, అది నాకు ఎప్పుడూ కంటికి ఇంపుగా లేదు. కానీ చొప్ప వేసి పక్కన కూర్చున్న ఆ గంట, అదే అసలైన శిక్షణ అని ఇప్పుడు అనిపిస్తుంది. దాన్ని శిక్షణ అని ఎవరూ పిలవరు, అతను కూడా పిలవడు.

చిన్నప్పుడు మా దొనకొండ లోకో షెడ్డు వెనక కుక్కలు ఉండేవి. మీటర్ గేజ్ రోజులు. పొగబండ్ల ఇంజన్లు షెడ్డులోకి వచ్చి ఒక్కసారిగా ఆవిరి వదిలితే పక్కనున్న మనిషి గుండె జారేది. ఆ బూడిదకుప్పల దగ్గరే ఈనిన కుక్కలు, వాటి పిల్లలు ఆ ఆవిరిలో నుంచే నడుచుకుంటూ వచ్చేవి. రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల ఇళ్లలో పెంచిన కుక్కలు కూడా అలాంటివే, ఇంజను కూతకు లేచేవి కావు. పొదిలి వైపు పల్లెల నుంచి ఎడ్లబండ్ల వెనక వచ్చిన కుక్కలు మాత్రం మొదటి కూతకే తోక ముడిచి పొలాల్లో పడేవి. అప్పుడు మేము షెడ్డు కుక్కల్ని మొండివి అనుకునేవాళ్లం, పల్లె కుక్కల్ని పిరికివి అనుకునేవాళ్లం. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో బార్ హార్బర్ అనే చోట ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి రాసిన పుస్తకం 1965లో వచ్చింది. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఒక కిటికీ తెరిచి ఉంటుంది, అప్పుడు చూసినవీ విన్నవీ దానికి లోకంలో భాగమైపోతాయి, ఆ తర్వాత ఎదురైనవి పరాయివిగానే మిగలడానికి ఎక్కువ అవకాశం అని వాళ్లు తేల్చారు. అక్కడే జరిగిన మరో ప్రయోగంలో పద్నాలుగు వారాల దాకా మనిషి స్పర్శ లేకుండా పెరిగిన పిల్లలు తర్వాత మనిషిని చూస్తే అడవి జంతువుల్లా పారిపోయాయి. అది చదివాక షెడ్డు కుక్కల మొండితనం మీద నా అభిప్రాయం మారింది. వాటికి ఆవిరి పుట్టింటి చప్పుడు. మరి ఆ కిటికీ మూసుకుపోయాక దొరికిన కుక్క సంగతేమిటి? మల్లి మా ఇంటికి వచ్చేటప్పటికి దానికి ఎంత వయసో, అంతకు ముందు దాని మీద ఏమేం కూలాయో నాకు తెలియదు. దాని కిటికీలో ఈ కదిలే బండ లేదన్నది ఒక్కటే తెలుసు.

నన్నయ భారతం ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. మనం ఆ కథను పిల్లలకు చెప్పేటప్పుడు సర్పయాగానికి ముందు వచ్చే చిన్న ఘట్టంగా దాటేస్తాం. జనమేజయుడు యాగం చేస్తుంటే దేవశుని సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అక్కడికి వస్తాడు. రాజు తమ్ముళ్లు శ్రుతసేనుడు, భీమసేనుడు, ఉగ్రసేనుడు వాణ్ని కొడతారు. వాడు ఏడుస్తూ పోయి తల్లికి చెప్తాడు. సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. నా కొడుకు తప్పేమీ చేయలేదు, మీ వాళ్లు దయ లేకుండా కొట్టారు అంటుంది. తగునా తగదా అని ఆలోచించకుండా సాధువులకూ పేదవాళ్లకూ కీడు చేసేవారికి, ఏ కారణమూ లేకుండా భయాలు వచ్చి పడతాయి అని చెప్పి వెళ్లిపోతుంది. చక్రవర్తి అంతటివాడు ఆ మాటకు కలవరపడి, శాంతి చేయించడానికి తగిన పురోహితుణ్ని వెతుక్కుంటూ మునుల ఆశ్రమాలకు పోతాడు. ఎన్నిసార్లు చదివానో గానీ, శాపంగా సరమ ఆ భయాన్నే ఎందుకు ఎంచుకుందన్న ప్రశ్న నాకు ఈ మధ్యనే తట్టింది. చావమనలేదు, రాజ్యం పోతుందనలేదు. ఎందుకొచ్చిందో తెలియని భయం. తప్పు చేయకుండా దెబ్బ తిన్న తన బిడ్డ కళ్లలో ఆ తల్లి అప్పుడే చూసి వచ్చినది అదే కాబట్టి, కొట్టినవాళ్లకూ అదే ఇవ్వాలనుకుందేమో. నా ఊహ మాత్రమే. కానీ తప్పు చేసి దెబ్బ తిన్న కుక్క కన్నా, ఎందుకు తిన్నదో తెలియని కుక్క ఎక్కువ పాడవుతుందన్న సంగతి ఆ కథ రాసినవాళ్లకు తెలియకుండా ఉంటుందని నేను నమ్మలేను.

రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగశాలలో ఒక కుక్క ఉండేది. వృత్తం బొమ్మ చూపిస్తే తిండి వస్తుంది, కోడిగుడ్డు ఆకారం చూపిస్తే రాదు. కుక్క చక్కగా నేర్చుకుంది. తర్వాత ఆ గుడ్డును కొద్దికొద్దిగా గుండ్రంగా మారుస్తూ పోయారు. నిడివి వెడల్పులు తొమ్మిదీ ఎనిమిదీ పాళ్లకు వచ్చేసరికి కుక్కకు రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టమైపోయింది. మూడు వారాలు తంటాలు పడింది. ఆ తర్వాత, అంతదాకా బల్ల మీద బుద్ధిగా నిలబడిన కుక్క కుయ్యోమంటూ మెలికలు తిరిగింది, ఒంటికి తగిలించిన పరికరాల్ని కొరికింది. మొదట్లో సులువుగా పట్టిన తేడాను కూడా మరిచిపోయింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, ఒక్క దెబ్బా పడలేదు. ఏది ఒప్పో తెలియని చోట నిలబెట్టారు, అంతే. పోటీకి తయారుచేసే తొందరలో మనం కుక్కల్ని ఎన్నిసార్లు ఆ బల్ల మీద నిలబెడతాం! నిన్న సరే అన్నదానికి ఇవాళ ఛీ అంటాం. తండ్రి మంచం ఎక్కనిస్తాడు, ఎక్కితే తల్లి కసురుతుంది. రమ్మని పిలిచి గొలుసు కడతాం, మర్నాడు రమ్మంటే రాలేదని కోప్పడతాం.

అదే పావ్లోవ్ కుక్కలకు 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్ వరదలో ఇంకో కష్టం వచ్చింది. నీళ్లు కుక్కల కొట్టాల్లోకి ఎక్కాయి. గూళ్ల తలుపులు కింద ఉండటంతో, బతికించడానికి వాటి తలల్ని నీళ్లలో ముంచి బయటికి లాగాల్సి వచ్చింది. బతికిన కుక్కల్లో కొన్ని అంతవరకూ నేర్చుకున్నదంతా పోగొట్టుకున్నాయి. తర్వాత ఒక కుక్క దగ్గర, అది అలవాటుపడిన మనిషి గదిలోనే కూర్చుంటే నేర్చుకున్నవి మెల్లగా తిరిగొచ్చాయి. తలుపు కింద నుంచి సన్నగా నీరు పారించి చూస్తే మళ్లీ చెదిరిపోయాయి. నాకు ఆ నీటిధార కన్నా గదిలో కూర్చున్న మనిషే ఎక్కువ గుర్తుండిపోయాడు. అతను నేర్పలేదు, ఆజ్ఞ ఇవ్వలేదు. ఉన్నాడు. తిరునాళ్లలో చొప్ప వేసి కూర్చున్న రైతు చేసిన పనీ అదే కదా.

నాకు అన్నిటికన్నా పెద్ద జవాబు దొరికింది మాత్రం చదవడానికి కష్టమైన ఒక ప్రయోగంలో. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అమెరికాలో కుక్కల్ని పట్టీలతో కట్టి కరెంటు షాకులు ఇచ్చారు. ఒక జట్టు కుక్కలు తలతో ఒక పలకను నొక్కితే షాకు ఆగేది. రెండో జట్టుకు సరిగ్గా అంతే షాకు, అంతే సేపు, కానీ అవి ఏం చేసినా ఆగేది కాదు. మర్నాడు రెండు జట్లనూ దూకి తప్పించుకోగలిగిన పెట్టెలో పెట్టారు. మొదటి జట్టు కుక్కలు నడుమ ఉన్న అడ్డు దూకేశాయి. రెండో జట్టులో చాలా కుక్కలు పడుకుని మూలుగుతూ ఉండిపోయాయి. నొప్పి రెండు జట్లకూ ఒకటే, తేడా పలకలో ఉంది. ఏం చేసినా లాభం లేదని ఆ కుక్కలు నేర్చుకున్నాయని వాళ్లు అప్పట్లో తేల్చారు. ఆ ప్రయోగం చేయకుండా ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. అయితే అదే ఇద్దరు దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, మెదడు మీద జరిగిన కొత్త పరిశోధనలు చూసి తమ మాటను తామే తిరగరాశారు. నిస్సహాయత నేర్చుకునేది కాదు, తప్పించుకోలేని కష్టం ఎక్కువ కాలం పడితే ప్రాణి సహజంగానే కుదేలైపోతుంది, నేర్చుకునేది దానికి వ్యతిరేకమైనదాన్ని, అంటే నేను చేసేదానివల్ల ఏదో మారుతుందన్న ఎరుకను అని. అది చదివిన సాయంత్రం నేను మల్లి వైపు చాలాసేపు చూశాను. దానికి నేను ఇవ్వాల్సింది ఆ పలక. అది నొక్కితే లోకంలో ఏదో ఒకటి జవాబు చెప్పాలి.

అందుకే వీధి బండను కొన్నాళ్లు వదిలేశాను. గొలుసు పట్టి లాగితే మల్లి దాటుతుంది, లాగమని చెప్పినవాళ్లూ ఉన్నారు. దాటిన కుక్క వేరు, దాటించబడ్డ కుక్క వేరు అని అప్పటికే అర్థమైంది కాబట్టి లాగలేదు. ఇంటి పెరట్లో ఒక వెడల్పాటి చెక్క వేసి, దాని కింద పాత గోనెపట్టా చుట్టిన ఇటుక పెట్టాను. అంగుళం మేర కదులుతుంది, చప్పుడు ఉండదు. ఉడికించిన కోడికార్జం చిన్న ముక్కలు చేసి దోసిట్లో పెట్టుకుని, గొలుసు తీసేసి, నేల మీద కూర్చున్నాను. మల్లి చుట్టూ తిరిగింది. వాసన చూసింది. వెళ్లి వేపచెట్టు కింద కూర్చుంది. మళ్లీ వచ్చింది. ముందుకాలి వేళ్లు మాత్రం చెక్క అంచుకు తాకించి వెంటనే తీసేసింది. ముక్క ఇచ్చాను. అప్పుడు దాని మొహంలో కనపడినది నేను మరిచిపోలేను, నుదుటి మీద చర్మం కాస్త ముడిపడి, తల ఒక పక్కకు వాలి, నా చేతినీ చెక్కనూ మార్చి మార్చి చూసింది. మళ్లీ వేళ్లు పెట్టింది. కాసేపటికి కాలు మొత్తం. చెక్క కదిలితే ఉలిక్కిపడి దూకి, దూకిన చోటి నుంచే వెనక్కి తిరిగి వచ్చింది. ఎప్పుడు వెళ్లిపోవాలన్నా వెళ్లిపోవచ్చన్నది తెలిశాకే అది ఉండటం మొదలుపెట్టింది. తర్వాత గోనెపట్టా తీసేశాం. చెక్క ఇటుకకు తగిలి చిన్నగా టక్కుమంది. చప్పుడు తర్వాత ముక్క. ఇంకొన్నాళ్లకు పెరట్లోంచి టక్, టక్, టక్ అని వినపడితే వెళ్లి చూద్దును కదా, నేను లేకుండానే అది ఆ చెక్కను రెండు కాళ్లతో కొడుతోంది, తోక గిరగిరా తిప్పుతూ.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. తను చేసిన చప్పుడుకు దానికి భయం పోయింది గానీ, అదే చెక్క మీద ఇంకొకరు కాలు పెట్టి చప్పుడు చేస్తే మళ్లీ ఉలిక్కిపడేది. ఒకే చెక్క, ఒకే చప్పుడు. తన కాలి కింద పుట్టినది తనది, ఎక్కడి నుంచో వచ్చినది పరాయిది. మరి ఈ ధైర్యం అసలైనదేనా? నాకు అనుమానమే పట్టుకుంది. అయినా ఆలోచిస్తే మనుషులమూ అంతే కదా, మన వంటింట్లో మన చేతి నుంచి జారిన గిన్నె చప్పుడుకు బెదరం, పక్కగదిలో పడిన గిన్నెకు బెదురుతాం. పరాయి చప్పుడు వినపడినప్పుడు మల్లి పరుగెత్తి దూరంగా పోవడం మానేసి నా వైపు చూడటం మొదలైంది, ఆ మార్పును నేను చాలనుకున్నాను. వీధిలోని బండను అది తనంతట తనే ఎక్కింది. దాని మీద ఆగి, ఒంటిని అటూ ఇటూ కదిపి, చప్పుడు చేయించి మరీ దిగింది.

తిండి పెట్టి నేర్పడం లంచం కాదా అని అడిగినవాళ్లున్నారు, నన్ను నేనూ ప్రశ్నించుకున్నాను. కారెన్ ప్రయర్ అనే ఆవిడ 1960లలో హవాయిలో డాల్ఫిన్లకు నేర్పింది. నీళ్లలో ఈదే జంతువుకు గొలుసు కట్టలేం, కర్రతో కొట్టలేం. ఇష్టం లేకపోతే అది కొలను అవతలి గట్టుకు పోతుంది, అంతటితో పాఠం అయిపోతుంది. అక్కడ నేర్చుకున్నదాన్నే ఆవిడ 1984లో డోంట్ షూట్ ది డాగ్ అన్న పుస్తకంలో రాసింది, కుక్కల శిక్షణ అప్పటి నుంచి చాలా మారింది. అందులో నాకు నచ్చిన సంగతి, అంతకు ముందు చేయని కొత్త పని చేస్తేనే చేప ఇస్తామని తేలాక ఒక డాల్ఫిన్ ఎవరూ నేర్పని పల్టీలు తనే కనిపెట్టడం. లంచం తీసుకున్నవాడు చెప్పిన పని చేస్తాడు. ఈ డాల్ఫిన్ చెప్పని పని వెతికింది. మల్లి ఎవరూ లేని పెరట్లో చెక్కను కొట్టినప్పుడు కూడా దానికి ముక్క ఇచ్చేవారు లేరు.

పొద్దున్నే మేము ఏరోడ్రం వైపు పోతాం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లీషువాళ్లు వాడుకున్న ఆ మైదానంలో ఇప్పుడు చిల్లచెట్లు, గొర్రెలు. అక్కడ గొర్రెలు మేపే ఒక పెద్దాయన వెంట నల్లటి కుక్క ఉంటుంది. అది ఆయన మాట వినడం నేను దాదాపు చూడలేదు, ఎందుకంటే ఆయన ఏమీ చెప్పడు. మంద ఒక పక్కకు జరిగితే కుక్కే లేచి పోయి అంచున నిలబడుతుంది. కొత్త కుక్క వస్తే మందకూ దానికీ నడుమకు వస్తుంది. ఎట్టా నేర్పావు పెద్దాయనా అని అడిగితే, ఆయన నన్ను వింతగా చూశాడు. “నేనేం నేర్పలా సారూ. తల్లి ఎనకాల తిరిగింది. నేను అడ్డం పడలా, అంతే.” నల్లమలలో చెంచుల వెంట వేటకు పోయిన కుక్కలూ, కొల్లేటి దగ్గర బాతుల మందల్ని కాసిన జోనంగి కుక్కలూ ఇట్టా అడ్డం పడని మనుషుల దగ్గరే పెరిగి ఉంటాయి. మరి నేను చేస్తున్నది ఆ నల్లకుక్కకు లేని అవసరాన్ని మల్లికి కల్పించడమా? పని ఉన్న కుక్కకు ధైర్యం పనిలోనే వస్తుంది. ఇంట్లో పెరిగే కుక్కకు పని లేదు, గేటు, గొలుసు, గిన్నె ఉన్నాయి. దానికి పోటీ ఒక పనిని ఇస్తుందనుకుంటే ఆ రంగు బల్లలూ గుడ్డ సొరంగాలూ నాకు అర్థవంతంగానే కనపడతాయి.

హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో పోలీసు కుక్కలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. కుక్కా, దాని వెంట ఉండే కానిస్టేబులూ కలిసే నేర్చుకుంటారు, ఎనిమిది నెలల పాటు. పేలుడు పదార్థం వాసన పట్టిన కుక్క మొరగకూడదు, గీరకూడదు, అక్కడే కూర్చోవాలి. ఆ కూర్చోవడం గురించి ఆలోచిస్తుంటాను. అక్కడ తెలిసింది కుక్కకు, తెలియనిది మనిషికి. పద పద అని మనిషి తొందరపెట్టినా, ఇక్కడే ఉంది అని ఆ కుక్క కదలకుండా కూర్చోగలగాలి. మనిషి కోపానికి బెదిరే కుక్క ఆ పని చేయలేదు. అందరి ప్రాణాలూ ఆ కుక్క తన ముక్కును తను నమ్మడం మీద ఆధారపడి ఉంటాయి. మాట వినడం, ధైర్యం ఒకదానికొకటి అడ్డమని చాలాకాలం అనుకున్నవాణ్ని నేను. ఆ కూర్చునే కుక్క దగ్గర రెండూ ఒకటైపోయాయి.

మల్లికి వంశపత్రం లేదన్న దిగులు నాకు పెద్దగా లేదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్బే 2010 నుంచి కలగలుపు జాతుల కుక్కల్ని అజిలిటీలోకీ మాట వినే పోటీల్లోకీ రానిస్తోంది. మా మార్కాపురం, గిద్దలూరు వైపు అలాంటి రింగు ఒకటి పడితే బాగుండునని నా కోరిక. బండలాగుడుకు చలువ పందిళ్లు వేసి వేలమందిని రప్పించే మనుషులకు నాలుగు గుంజలు పాతడం పెద్ద పనేమీ కాదు.

పోటీల వీడియోలు చూసేటప్పుడు ఈ మధ్య గెలిచిన కుక్కల్ని వదిలేసి, తప్పిన కుక్కల్ని చూస్తున్నాను. అడ్డంకి ముందు మూడుసార్లు మొరాయిస్తే కుక్కను పోటీ నుంచి తప్పిస్తారు. ఈల పడుతుంది. అప్పుడు కెమెరా అవతలి కుక్క వైపు తిరగకముందు రెండు మూడు క్షణాలు దొరుకుతాయి. కొందరు పెంచినవాళ్లు మొహం గంటు పెట్టుకుని గొలుసు తగిలిస్తారు, కుక్క నేలకు కరుచుకుపోయినట్టు నడుస్తుంది. మొన్న చూసిన ఒక చిన్న గోధుమరంగు కుక్క, ఊగుబల్ల మూడోసారి కూడా ఎక్కలేక పక్కకు దిగిపోయింది. దానితో వచ్చిన అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచింది. కుక్క పరుగున వచ్చి ఆమె మీదికి ఎక్కి, దిగి, మళ్లీ వెనక్కి తిరిగి ఆ బల్ల వైపే నాలుగడుగులు వేసింది, దాన్ని ఇంకోసారి చూసొద్దామన్నట్టు. పక్కనున్నవాళ్లు దాన్ని బయటికి పిలవాల్సి వచ్చింది.